కాలనీలో శాస్త్రీయ సంగీత కచేరీ పెట్టాలంటే

కాలనీలో కచేరీ అనుకోగానే మాట ఫ్లెక్సీ మీదికి, ముఖ్య అతిథి మీదికి పోతుంది. పాడేవాళ్ల శ్రుతి (పాటకు ఆధారమైన స్వరం ఎత్తు) ఎంత, మృదంగం ఎవరు వాయిస్తారు, మైకులు ఎన్ని కావాలి అన్న సంగతులు ముందురోజు సాయంత్రానికి గానీ గుర్తుకు రావు. ఈ వరుసను తిరగేసి పని మొదలుపెట్టండి. ఇక్కడ చెప్పేదంతా హన్మకొండ, వరంగల్, కాజీపేట కాలనీల్లో 100 నుంచి 150 మంది కూర్చుని వినే రెండు గంటల కర్ణాటక సంగీత కచేరీ గురించి. టికెట్ ఉండదు. ఒక గాత్రం, వయొలిన్, మృదంగం, వీలైతే ఘటం. ఆరేడు వారాల గడువు పెట్టుకుంటే హడావుడి లేకుండా అయిపోతుంది.

మొదట తేదీ

త్యాగరాజ ఆరాధన సందర్భంగా కచేరీ పెట్టాలనుకుంటే, అది పుష్య బహుళ పంచమి నాడు. జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో వస్తుంది. అసలు కచేరీని కూడా ఆ రోజే పెట్టాలని పట్టుబట్టకండి. ఆ వారంలో వయొలిన్, మృదంగ విద్వాంసులకు నాలుగు వైపుల నుంచి పిలుపులుంటాయి. ఒకచోట ముగించుకుని మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చే మనిషికి శ్రుతి చేసుకునే తీరిక కూడా దొరకదు. పంచమి నాడు ఉదయం పిల్లలతో, స్థానిక గాయకులతో పంచరత్న గోష్ఠి, అంటే త్యాగరాజు పంచరత్న కృతులను అందరూ కలిసి పాడటం, పెట్టుకోండి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల అయిదు కృతులకు సుమారు గంట పడుతుంది. పెద్ద కచేరీని తర్వాతి శనివారానికో ఆదివారానికో జరపండి.

పుష్యంలో ఇంకో సౌకర్యం ఉంది. శూన్యమాసం కాబట్టి పెళ్లిళ్లుండవు. హాళ్లు, కుర్చీలు, మైక్ సెట్ అడిగిన రోజుకు దొరుకుతాయి, వీధిలో బరాత్ డీజే మోగదు. ఆషాఢంలోనూ ఈ వీలుంది కానీ అప్పుడు వాన భయం. మాఘంలో పెట్టాలనుకుంటే తేదీ ఖాయం చేసే ముందు మీ గుడి పంతులుగారిని ముహూర్తాలు అడగండి. గట్టి ముహూర్తం ఉన్న రాత్రి మీ హాలు పక్కనే ఫంక్షన్ హాల్ ఉంటే ఇక కచేరీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మేడారం జాతర ఉన్న ఏడాది మాఘ పౌర్ణమికి అటూ ఇటూ వారం రోజులు పూర్తిగా వదిలేయండి. బస్సులు అటే పోతాయి, పోలీసులు బందోబస్తులో ఉంటారు, లాడ్జీల్లో గది దొరకదు. బతుకమ్మ తొమ్మిది రోజులు, వినాయక నిమజ్జనం, మార్చిలో పిల్లల పరీక్షలు కూడా చూసుకోండి.

కళాకారులతో మాట్లాడేటప్పుడు

వరంగల్‌లోనే విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. ముందు అక్కడి గురువులను కలవండి. బయటి నుంచి పెద్ద గాయకులను పిలిచినా, పక్కవాద్యాలకు (వయొలిన్, మృదంగం, ఘటం) స్థానికులు దొరికితే ప్రయాణ ఖర్చు తగ్గుతుంది, ఇక్కడి వాళ్లకు మంచి గాత్రానికి వాయించే అవకాశం వస్తుంది. అయితే పక్కవాద్యం ఎవరన్నది గాయకులను అడగకుండా ఖాయం చేయకండి. ఆకాశవాణి గ్రేడు తెలుసుకోండి. బి, బి-హై, ఎ, టాప్ అన్న మెట్లలో ప్రధాన కళాకారులు ఎక్కడున్నారో, పక్కవాద్యం వాళ్లు ఎక్కడున్నారో తెలిస్తే పొంతన కుదురుతుందో లేదో అర్థమవుతుంది.

ఫోన్లో తప్పకుండా అడగాల్సింది శ్రుతి. మగవాళ్లు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య, ఆడవాళ్లు అయిదు నుంచి ఆరు మధ్య పాడతారు. ఇది గాయకులకు మాత్రమే సంబంధించిన విషయం అనుకుంటే పొరపాటు. వయొలిన్ తీగలను బిగించి, వదులు చేసి ఏ శ్రుతికైనా తెచ్చుకోవచ్చు. మృదంగం అలా కాదు. ఒక్కో మృదంగానికి ఒక పరిధి ఉంటుంది. దాని వార్లను లాగి అర శ్రుతి పైకో కిందికో తేవచ్చు. అంతకు మించితే నాదం చచ్చిపోతుంది, చర్మపు మూత చిరిగినా చిరుగుతుంది. ఘటం ఇంకా కష్టం. అది కాల్చిన మట్టి, ఏ శ్రుతిలో తయారైతే ఆ శ్రుతే. అందుకే "ఐదున్నర శ్రుతి గాత్రం" అని మృదంగం, ఘటం వాళ్లకు కనీసం రెండు వారాల ముందు చెప్పాలి.

కచేరీకి ముందు మీ కాలనీ పిల్లల చేత రెండు కీర్తనలు పాడిద్దామనుకుంటే చిక్కు ఇక్కడే వస్తుంది. పిల్లలు ఒక శ్రుతి, గాయకుడు ఇంకో శ్రుతి. మృదంగం ఒక్కటే. ఆ నడుమ శ్రుతి మార్చడానికి పది నిమిషాలు టకటకమని రాయితో కొట్టుకుంటూ కూర్చోవాలి, జనం మాటల్లో పడతారు. పిల్లలకు వేరే మృదంగం, వేరే విద్వాంసుడు ఉండాలి. లేదా పిల్లల పాటకు శ్రుతి పెట్టె, చేతి తాళం చాలు. అదే మేలు.

ఇంకో ప్రశ్న చాలామందికి తోచదు. మృదంగం వాయించేవారు ఎడమచేతి వాటమా? వేదిక మీద కూర్చునే వరుస దాన్నిబట్టి మారుతుంది. ఎందుకో కింద చెబుతాం.

పారితోషికం మొత్తం ఎంత, అందులో ప్రయాణం, బస కలిసి ఉన్నాయా, అందరికీ కలిపి ఒకరి చేతికా, ఎవరిది వాళ్లకా, ఈ నాలుగూ మాట్లాడి వాట్సాప్‌లో రాసి పంపండి. రైల్లో వచ్చేవాళ్లకు దిగాల్సిన స్టేషన్ పేరు స్పష్టంగా చెప్పండి. కాజీపేట, వరంగల్ రెండింటి మధ్య దూరం సుమారు 10 కిలోమీటర్లు. అన్ని బండ్లూ రెండుచోట్లా ఆగవు. "వరంగల్ స్టేషన్‌కు రండి" అని మామూలుగా అనేస్తే, కళాకారులు ఒకచోట దిగి, మీ కారు ఇంకోచోట ఉంటుంది.

చోటు ఎంచుకోవడం

హాలు చూడటానికి వెళ్లినప్పుడు నడుమ నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి. చప్పుడు టక్కున ఆగిపోతే మంచి హాలు. ఒక సెకను దాకా మోగుతూ ఉంటే గమకం (స్వరాన్ని ఊపి పలికించే తీరు) వినిపించదు, సంగతి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరు) మీద సంగతి పడి అలుక్కుపోతుంది. కాలనీ హాళ్లలో ఎదురెదురుగా నున్నటి గోడలు, టైల్స్ నేల, రేకుల కప్పు ఉంటాయి కాబట్టి ఈ జబ్బు దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. మందు ఖరీదైనదేం కాదు. నేలంతా జంపఖానాలు పరవండి. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసిన మందపు నూలు జంపఖానా ఇందుకు సరిగ్గా సరిపోతుంది. వేదిక వెనక గోడకు ఫ్లెక్సీ కట్టకండి, అది శబ్దాన్ని తిప్పికొడుతుంది. దాని బదులు మందపాటి గుడ్డ పరదా మడతలు మడతలుగా వేలాడదీయండి. జనం నిండాక మోత ఇంకొంత తగ్గుతుంది. ఖాళీ హాల్లో విన్నదాన్ని బట్టి బెంబేలు పడనక్కర్లేదు.

రాతి మండపాలు చూడటానికి ఎంత బాగున్నా మైకుతో కచేరీకి కష్టం. గుడిలో పెట్టాలనుకుంటే మండపం బయట, గర్భగుడి వైపు ముఖం చేసి కాకుండా, పక్కగా వేదిక వేయండి. లేదంటే హారతి వేళ గంట, కచేరీ మధ్యలో వచ్చి పడుతుంది. అర్చకులను అడిగి హారతి సమయం పట్టికలో ముందే కలుపుకోండి. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ వంటి చోట్లు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ పెట్టాలంటే వాళ్ల అనుమతి కావాలి. కాలనీ స్థాయి కార్యక్రమానికి అంత దూరం పోవద్దనే మా సలహా.

40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న హాల్లో వేదిక, నడిచే దారి పోను 120 కుర్చీలకు మించి వేయకండి. ముందు మూడు వరుసల చోటు జంపఖానా మీద కూర్చునేవాళ్లకు వదలండి. పిల్లలు, సంగీతం నేర్చుకునేవాళ్లు అక్కడ చేరతారు. గాయకుడికి తాళం వేసే చేతులు దగ్గరగా కనిపిస్తాయి, అదొక బలం.

అరవై మందే వస్తారనుకుంటే ఒకరి ఇంటి పెద్ద హాల్లో మైకు లేకుండా పెట్టండి. వయొలిన్ మీద విల్లు ఆనే చప్పుడు సహా దగ్గర్నుంచి వినిపించే కచేరీ అది. పెద్ద హాల్లో ఎంత డబ్బు పెట్టినా ఆ నాదం రాదు.

అనుమతి

ఆరుబయట మైకు పెడితే స్థానిక పోలీస్ స్టేషన్‌లో రెండు వారాల ముందే దరఖాస్తు ఇవ్వండి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు పనికిరావు. నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. హన్మకొండలో వీధికో నర్సింగ్ హోమ్ ఉంది కాబట్టి చుట్టూ ఏమున్నాయో ఒకసారి తిరిగి చూసుకోండి.

వేదిక

నలుగురైదుగురు కూర్చునే వేదిక 16 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు ఉండాలి. ఎత్తు 2 నుంచి 2½ అడుగులు. టెంటు హౌస్ బల్లలు వేశాక వాటి మీద నడిచి చూడండి. కిర్రుమంటే ఆ చప్పుడు మైకుల్లో పదింతలై వినిపిస్తుంది. బల్లల కింద చెక్క ముక్కలు దూర్చి కదలకుండా చేసి, పైన పరుపు కాకుండా జంపఖానా, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ వేయండి. మెత్తటి పరుపు మీద రెండు గంటలు మఠం వేసుకుని కూర్చుంటే నడుము పట్టేస్తుంది, మృదంగం ఒరిగిపోతుంది.

నడుమ గాయకుడు. ఆయన కుడిచేతి వైపు మృదంగం, ఎడమచేతి వైపు వయొలిన్, ఇద్దరూ గాయకుడి వైపు తిరిగి. ఇలా కూర్చుంటే మృదంగం కుడి మూత జనం వైపు ఉంటుంది. సొల్లులు, అంటే మృదంగం పలికే అక్షరాలు, స్పష్టంగా వినిపించేది ఆ మూత మీదే. ఎడమచేతి వాటం వాళ్లు కుడి మూతను ఎడమచేత్తో వాయిస్తారు కాబట్టి, వాళ్లను వయొలిన్ వైపు, వయొలిన్‌ను మృదంగం వైపు కూర్చోబెట్టాలి. ఇది మైకులు అమర్చాక తెలిస్తే తీగలన్నీ మళ్లీ మార్చాలి. తంబురా గాయకుడి వెనక. ఘటం మృదంగం పక్కన కొంచెం వెనగ్గా, ఇద్దరూ ఒకరి చేతులొకరు చూసుకునేట్టు.

వేదికను పొద్దున్నే తడిగుడ్డతో తుడిపించండి. జనం వచ్చే ముందు చీపురు పడితే ఆ దుమ్మంతా గాయకుడి గొంతులోకే. దోమల పొగ, సాంబ్రాణి, అగరొత్తులు కూడా అంతే. దీపం వెలిగించాక అగరొత్తులను వేదికకు దూరంగా పెట్టండి. వేదిక మీది ఫ్యాన్లు ఆపేయండి. గాలి మైకులో బుస కొడుతుంది, మృదంగం మూత ఆరిపోయి శ్రుతి పైకి జరుగుతుంది. జనవరి రాత్రి ఆరుబయట అయితే దీనికి ఎదురు: మంచుకు మూత సాగి శ్రుతి దిగిపోతుంది. అలాంటప్పుడు పైన షామియానా ఉండి తీరాలి.

మైకులు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

మన ఊళ్లో మైక్ సెట్ వాళ్లు పెళ్లిళ్లకు, సభలకు, డీజేలకు అలవాటు పడ్డవాళ్లు. పని రాదని కాదు, కావాల్సింది వేరు. మాట్లాడుకునేటప్పుడే కాగితం మీద రాసివ్వండి: గాత్రానికి 1, వయొలిన్‌కు 1, మృదంగానికి రెండు మూతలకు 2, ఘటానికి 1, వ్యాఖ్యాతకు 1, అదనంగా 1. మొత్తం 7 మైకులు, పొట్టి స్టాండ్లు 5, కనీసం 8 చానళ్ల మిక్సర్, కళాకారుల ముందు పెట్టే మానిటర్ స్పీకర్లు 2. పొట్టి స్టాండ్లు అని నొక్కి చెప్పండి. నిలబడి మాట్లాడే పొడుగు స్టాండ్లు తెస్తే వాటిని వంచి, తాళ్లతో కట్టి, అది నెమ్మదిగా జారుతూ ఉంటే కచేరీ అంతా ఎవరో ఒకరు సరిచేస్తూ కూర్చోవాలి.

గాత్రం మైకు నోటికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, కొంచెం కిందుగా ఉండాలి. మరీ దగ్గరైతే ఊపిరి చప్పుడు, పకారాల దెబ్బ వినిపిస్తాయి. వయొలిన్‌కు అడుగు దూరంలో, వాద్యం పైకి చూస్తూ. మృదంగానికి ఎనిమిది నుంచి పది అంగుళాలు. మృదంగం సహజంగానే గట్టిగా పలుకుతుంది కాబట్టి చిన్న హాల్లో దాని మైకును చాలా తక్కువ తెరవాలి.

ప్రధాన స్పీకర్లు వేదిక అంచుకు నాలుగైదు అడుగులు ముందుకు, ఆరేడు అడుగుల ఎత్తులో. వెనక పెడితే ఆ శబ్దం మళ్లీ మైకులోకి దూరి కూత పెడుతుంది. మానిటర్ గాయకుడికి సరిగ్గా ఎదురుగా, ఆయన వైపు తిరిగి ఉండాలి. పాట కోసం వాడే మామూలు మైకు తన వెనక వైపు నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకోదు. అందుకే మైకు వీపు మానిటర్ వైపు ఉంటే కూత రాదు.

ఆపరేటర్‌కు మొదటి మాటగా ఎకో తీసేయమని చెప్పండి. సినిమా పాటకు అది అందం కావచ్చు. ఇక్కడ మాత్రం స్వరం మీద స్వరం పడి, ఏ గమకం ఎక్కడ ఆగిందో తెలియకుండా పోతుంది. బేస్ తగ్గించమనండి. డీజే పద్ధతిలో బేస్ పెంచి ఉంటే మృదంగం ఎడమ మూత డప్పులా మోగి గాత్రాన్ని మింగేస్తుంది.

గుంయ్ అని సన్నటి మోత వస్తుంటే చాలాసార్లు కారణం కరెంటే. లైట్లకు, సౌండుకు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకండి. సౌండు సామానంతటికీ ఒకే చోటి నుంచి, ఎర్తింగ్ ఉన్న సాకెట్ నుంచి కరెంటు తీసుకోండి. మైకు తీగను కరెంటు తీగతో పాటు కలిపి పరవకండి. దాటించాల్సి వస్తే అడ్డంగా దాటించండి. జనరేటర్ పెడితే కనీసం 100 అడుగుల దూరంలో, గోడ చాటున.

సౌండ్ చెక్‌కు 45 నిమిషాలు పక్కన పెట్టండి. ముందు తంబురా, తర్వాత గాత్రం, వయొలిన్, మృదంగం ఒక్కొక్కటిగా, చివర అందరూ కలిసి అయిదు నిమిషాలు. కుదిరాక మిక్సర్ గుబ్బల పక్కన తెల్ల టేపు అంటించి గుర్తు పెట్టండి. సంగీతం తెలిసిన మనిషి ఒకరు చివరి నుంచి మూడో వరుసలో కూర్చుని ఆపరేటర్‌కు సైగ చేయాలి. ముందు వరుసలో ఉండేవారి మాట విని శబ్దం పెంచొద్దు.

కార్యక్రమ పట్టిక

6 గంటలకు పిల్లల పాట, 20 నిమిషాలు. 6:20కి దీపం, స్వాగతం, అయిదు నిమిషాలు. 6:30కి వర్ణం, అంటే కచేరీ మొదటి పాట. 8:30కి మంగళం, అంటే ముగింపు పాట. ముఖ్య అతిథి రాలేదని మొదలుపెట్టడం ఆపకండి. మధ్యలో వచ్చినా కచేరీ ఆపి శాలువా కప్పకండి. మూడ్ విరిగిందంటే దాన్ని మళ్లీ కట్టడానికి గాయకుడికి అరగంట పడుతుంది, ఆ అరగంట మీ దగ్గర లేదు. సన్మానం మంగళానికి ముందు, పది నిమిషాలకు మించకుండా ఉంటుందని అతిథికి, గాయకుడికి ఇద్దరికీ ముందే చెప్పండి.

వర్ణం, గణపతి కృతి, రెండు మూడు మధ్యరకం కృతులు, తర్వాత రాగాలాపన, నెరవు (ఒక పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడటం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం)తో ప్రధాన కృతి, అందులోనే తని ఆవర్తనం (మృదంగం, ఘటం మాత్రమే వినిపించే భాగం), చివర రామదాసు, అన్నమయ్య కీర్తనలు, తిల్లానా. రెండు గంటల్లో ఇది చక్కగా సరిపోతుంది. ఏం పాడాలో గాయకుడికే వదలండి. ఒక్క కోరిక మాత్రం కోరవచ్చు: ఏదో ఒక కృతికి ముందు పోతన పద్యం ఒకటి రాగయుక్తంగా పాడమని. పోతన ఊరు బమ్మెర మనకు దగ్గర్లోనే ఉంది, ఆ పద్యాలు నోటికి వచ్చినవాళ్లు మీ శ్రోతల్లో చాలామంది ఉంటారు.

తని ఆవర్తనం మొదలవగానే టీ కోసం లేచే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఆ పది పన్నెండు నిమిషాలూ మృదంగ విద్వాంసుడివి. ప్రధాన కృతికి ముందు వ్యాఖ్యాత ఒక్క వాక్యం చెబితే చాలు: ఇప్పుడు మృదంగం, ఘటం ఒంటరిగా వినిపిస్తాయి, తాళం చేత్తో వేస్తూ వినండి అని. టీ, ఫలహారం కౌంటర్ కచేరీ అయ్యాకే తెరవండి. గ్లాసుల చప్పుడు కూడా అప్పుడు ఉండదు.

జనానికి చెప్పడం

ఆహ్వానంలో పక్కవాద్యాల వాళ్ల పేర్లు ప్రధాన గాయకుల పేరు కింద, చదవగలిగే సైజులో ఉండాలి. పేర్ల అక్షరాలు వాళ్లకే పంపి సరిచూడండి. సమయం "సాయంత్రం" అని వదలకుండా 6 గంటలకు పిల్లల పాట, 6:30కి కచేరీ అని, చోటు ఏ గుడి పక్కనో, ఏ చౌరస్తా దగ్గరో రాయండి. పది రోజుల ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి, ఆ రోజు మధ్యాహ్నం ఒకసారి వాట్సాప్‌లో పంపండి. సాహిత్యం మన భాషలోనే ఉండటం మనకున్న అదృష్టం. గాయకుడిని అడిగి మూడు కృతుల సాహిత్యం, రాగం, తాళంతో ఒక కాగితం అచ్చు వేయించి పంచండి. కొత్తగా వినేవాళ్లు పల్లవి పట్టుకోగానే కుదురుగా కూర్చుంటారు.

ఆ రోజు

హాలుకు దగ్గర్లో నిశ్శబ్దంగా ఉండే గది ఒకటి శ్రుతి చేసుకోవడానికి ఇవ్వండి. ఏసీ గదిలో శ్రుతి చేసి, వేడి హాల్లోకి రాగానే మళ్లీ మారిపోతుంది కాబట్టి ఏసీ లేని గదే మంచిది. మృదంగం వాళ్లు ఎడమ మూతకు బొంబాయి రవ్వ తడిపి అంటిస్తారు. గుప్పెడు రవ్వ, ఒక చిన్న గిన్నె, నీళ్లు, చేతులు తుడుచుకోవడానికి పాత గుడ్డ సిద్ధంగా ఉంచండి. మూడు గంటలకు తేలికపాటి టిఫిన్. గాయకులకు వేదిక మీద ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు. చల్లటి నీళ్ల సీసాలు అటు పోనివ్వకండి. కరెంటు పోతే ఏం చేయాలో గాయకుడితో ముందే అనుకోండి. రెండు చార్జింగ్ లైట్లు వెలిగించి, మైకు లేకుండా పాట సాగిస్తే జనం కదలరు.

రికార్డు చేయాలన్నా, ఫోన్లో లైవ్ పెట్టాలన్నా కళాకారుల అనుమతి ఉండాలి. ఒప్పుకుంటే మిక్సర్ నుంచి నేరుగా తీసుకోండి. ఫోన్ మైకులో వచ్చేది ఎక్కువగా హాలు మోతే.

ముగిశాక పారితోషికం కవర్లు వేదిక దిగిన వెంటనే, వాళ్లు అన్నానికి కూర్చోకముందే, ముందు అనుకున్న ప్రకారం ఇవ్వండి. రాత్రి బండికి వెళ్లేవాళ్లతో స్టేషన్‌లోకి ఒక మనిషి వెళ్లాలి. మృదంగం సంచీ బరువు, దెబ్బ తగిలితే మూత పోతుంది. దాన్ని లోయర్ బెర్త్ కింద, గోడ వైపుకు జరిపి, ముందు పెట్టె అడ్డం పెట్టి దిగిరండి.